నెమ్మది సైకిలే ముందు

పండగ నెల పట్టగానే మీకు ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. ముగ్గుల పోటీ ఒకరు పెడతారు, క్రికెట్ టోర్నమెంటు ఇంకొకరు పెడతారు, తీర్థం రోజు స్టేజీ, లైటింగు సంగతి పెద్దలు చూసుకుంటారు. మీ మనసులో మాత్రం వేరే ఊహ ఉంది. ఊరి పిల్లలు, పెద్దలు అందరూ సైకిళ్లకు రంగురంగుల లైట్లు కట్టుకుని, చలికాలపు చీకట్లో వరసగా ఊరు చుట్టి వస్తే ఎంత బాగుంటుంది! ఏటా అనుకుంటారు, ఏటా ఆగిపోతారు. ఎక్కడ ఆగుతున్నారు? డబ్బు దగ్గరా? సైకిళ్ల దగ్గరా? కాదు. “నేను పిలిస్తే ఎవరొస్తారు?” అన్న ఒక్క ప్రశ్న దగ్గర.

ఈ అధ్యాయం ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయిన వాళ్ల కోసం. దీన్ని నాతవరాన్ని కళ్ల ముందు పెట్టుకుని రాస్తున్నాను. అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నానికి దగ్గర్లో, తాండవ జలాశయం ఉన్న మండలం అది. వరి, చెరకు, జీడి తోటలు, పడమటి దిక్కున మన్యం కొండలు. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకిపోతుంది. మీది గొలుగొండ అయినా, రోలుగుంట అయినా, మాకవరపాలెం అయినా పేర్లు మార్చి చదువుకోండి, పని ఒకటే.

పని మొదలుపెట్టే ముందు ఒక కొలత చేతిలో పెట్టుకోండి. తేదీ, దారి, దూరం, లైట్లు ఏది నిర్ణయించాల్సి వచ్చినా ఇలా అడగండి: అందరికన్నా నెమ్మదిగా తొక్కే మనిషికి ఇది సరిపోతుందా? ఆ మనిషి ఆరో తరగతి పిల్ల కావచ్చు, ముప్పయ్యేళ్ల నాటి సైకిల్ మీద వచ్చే పెద్దాయన కావచ్చు. వాళ్లకు సరిపోతే అందరికీ సరిపోయినట్టే. గేర్ల సైకిలున్న కుర్రాడికి సరిపోయేలా చేశారా, మీ ఊరి పండగ కాస్తా నలుగురు కుర్రాళ్ల షికారై కూర్చుంటుంది.

మనుషుల్ని కూడగట్టడం

1. వాట్సాప్‌లో పిలవకండి, గుమ్మం ముందు నిలబడి పిలవండి. ఇంటర్ చదివే కుర్రాడు ఒకడు గ్రూపులో మెసేజ్ పెట్టాడనుకోండి. నలభై బొటనవేళ్లు వస్తాయి. ఆ రోజు సాయంత్రం రామాలయం దగ్గరికి చూస్తే ఏడుగురుంటారు. తప్పు ఆ ముప్పై ముగ్గురిది కాదు. బొటనవేలు చూపించడం ఒప్పుకోవడం కాదని వాళ్లకు తెలుసు, మీకే తెలియదు. ముందు అయిదుగురి ఇళ్లకు వెళ్లండి. ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించి, “ఇది నువ్వే చూడాలిరా” అనండి. ఒకడు పంపు తెస్తాడు, ఒకడు దారి చూస్తాడు, ఒకమ్మాయి పేర్లు రాస్తుంది. చేతిలో పనున్నవాడు మానడు. ఆ అయిదుగురూ తలా నలుగుర్ని తెస్తే పాతికమంది. మొదటి ఏడాదికి పాతిక చాలు, నలభై దాటనివ్వకండి.

2. అమ్మల్ని ఒప్పించే పని చివరికి వదిలెయ్యకండి. “సీకట్లో ఆడపిల్లకి సైకిలేటి బాబూ?” అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి “ఏం కాదు పిన్నీ” అనడం జవాబు కాదు. ఇలా చెప్పి చూడండి: “ఆరింటికి బయల్దేరి ఏడింటికల్లా తిరిగి వచ్చేస్తాం పిన్నీ. మన వీధులే, మెయిన్ రోడ్డు ఎక్కం. అందరికన్నా వెనకాల మా అక్క, టీచరుగారు వస్తారు. కావాలంటే మీరు ఆటోలో వెనకాలే రండి.” వేళ, దారి, తోడు. ఈ మూడూ తేల్చి చెబితే చాలామంది అమ్మలు ఒప్పుకుంటారు, కొందరు నిజంగానే ఆటో ఎక్కుతారు.

ఆడపిల్లలు రావాలని ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నాను? 1990ల మొదట్లో పక్కనే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఆడవాళ్లకు చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పింది. వేలమంది పల్లెటూరి స్త్రీలు, కూలి పనులకు వెళ్లేవాళ్లు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు సైకిలెక్కారు. ఊరేగింపులుగా బయటికి వచ్చారు. నవ్విన ఊళ్లే కొన్నాళ్లకు అలవాటు పడ్డాయి. మన దగ్గర ‘బడికొస్తా’ పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. అవి ఎన్ని ఇళ్లలో వసారాల్లో గాలి దిగిపోయి నిలబడి ఉన్నాయో ఒకసారి చూడండి. మీ యాత్రకు సైకిళ్లు అక్కడే ఉన్నాయి.

3. ఇది ఫలానావాళ్ల ర్యాలీ అన్న మాట పుట్టనివ్వకండి. మన రాష్ట్రంలో సైకిల్ ఒక పార్టీ ఎన్నికల గుర్తు కూడా. తెలుగుదేశం వాళ్లు వస్తే సంతోషం, ఇంకో పార్టీ వాళ్లు వచ్చినా అంతే సంతోషం. కానీ లైట్లన్నీ పసుపు రంగువే కట్టారనుకోండి, సగం ఊరు గుమ్మంలోనే ఆగిపోతుంది. నీలం, తెలుపు, ఆకుపచ్చ కలిపి కట్టినా ఇంకో సగం ఆగుతుంది. అందుకే అన్ని రంగులూ కలపండి. జెండాలు, కండువాలు వద్దు. ముఖ్య అతిథి వద్దు, ప్రారంభోత్సవం అసలే వద్దు. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ఈ పని వాయిదా వేసుకోండి. చర్చి యువకుల్ని, భజన బృందాన్ని, మసీదు వీధి పిల్లల్ని, ఎస్సీ కాలనీ, బీసీ కాలనీ కుర్రాళ్లని ఒకే రోజు, ఒకే మాటతో పిలవండి. ఒక వీధివాళ్లకు రెండు రోజులు ఆలస్యంగా తెలిసిందంటే, వాళ్లను పిలవనట్టే లెక్క.

ఏ రోజు? ఏ వేళ?

4. భోగికి రెండు మూడు రోజుల ముందు పెట్టుకోండి. విశాఖలో, హైదరాబాదులో పనులు చేసుకునేవాళ్లు అప్పటికి ఊరు చేరుకుంటారు. భోగి ముందు రాత్రి కుర్రాళ్లు దుంగల వేటలో ఉంటారు, దొరకరు. కనుమ రాత్రి, డిసెంబరు 31 రాత్రి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ రెండు రాత్రులూ తాగి బండి నడిపేవాళ్లు రోడ్ల మీద ఎక్కువ, మీ దగ్గర పిల్లలున్నారు. క్రిస్మస్ ముందు ఆదివారం కూడా మంచిదే, సైకిళ్ల క్యారేజీ మీద నక్షత్రాలు వెలుగుతాయి. క్యాలెండరులో పున్నమి దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. లైట్ల అందం కొంచెం తగ్గుతుంది, రోడ్డు మీద గుంటలు మాత్రం బాగా కనిపిస్తాయి.

తెల్లవారుజామున పెడదామని ఎవరో ఒకరు అంటారు. లంబసింగి ఫొటోలు చూసి పుట్టే కోరిక అది. కొండల కింద ఊళ్లలో ఆ వేళ మంచు పట్టిందంటే ముందున్న సైకిలే కనిపించదు, ఎదురొచ్చే లారీకి మీరూ కనిపించరు. సాయంత్రమే సరైన వేళ.

దారి చూసుకోవడం

5. వారం ముందు, అదే వేళకు, అదే చీకట్లో ఒకసారి తొక్కి రండి. పగలు చూసిన దారి రాత్రి పనికిరాదు. అయిదారు కిలోమీటర్లు చాలు. గంటకు ఎనిమిది, పది కిలోమీటర్ల వేగంతో, మధ్యలో ఆగుతూ వెళ్లినా గంటలో ముగుస్తుంది. తుని వైపు, నర్సీపట్నం వైపు బస్సులు, లారీలు తిరిగే రోడ్డు ఎక్కకుండా వీధుల మీదుగా, పక్క శివారు దాకా వెళ్లి చుట్టి వచ్చేలా గీసుకోండి.

ఏమేం చూడాలి? రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు. పిట్టగోడ లేని కల్వర్టులు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ కాపలాగా పెట్టిన రాళ్లు. ఈ రాళ్లు చాలా ప్రమాదం. రైతుతో ముందే మాట్లాడండి. గొడవకు దిగకండి, అది ఆయన ఏడాది కష్టం. “ఆ ఒక్క సాయంత్రం ఈ పక్కకి జరుపుతాం మావయ్యా, మేమే జరుపుతాం, మళ్లీ మేమే సర్దుతాం” అంటే కాదనడు. చెరకు కొట్టే కాలం కాబట్టి ట్రాక్టర్లు, ఎడ్లబళ్లు వెనక లైటు లేకుండానే తిరుగుతుంటాయి. బళ్లు ఎక్కువగా తిరిగేది ఏ వేళకో బెల్లం గానుగ దగ్గర అడిగితే చెబుతారు. కుక్కలు ఏ సందులో వెంటపడతాయో పేపరు వేసే కుర్రాడిని అడగండి.

తాండవ డ్యాము దాకా వెళ్దాం అనే ఉత్సాహం వస్తుంది. అది పగటిపూట వెళ్లాల్సిన చోటు. నీటి గట్లు, కాలువ గట్లు చీకట్లో పిల్లలతో తొక్కే దారులు కావు.

6. పోలీస్ స్టేషన్లో ఒక కాగితం ఇవ్వండి. తేదీ, వేళ, దారి, ఎంతమంది, బాధ్యత తీసుకునే ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు. పోలీస్ యాక్టు సెక్షన్ 30 అమల్లో ఉన్న రోజుల్లో ఊరేగింపుకు ముందస్తు అనుమతి తప్పనిసరి. లేని రోజుల్లో కూడా చెప్పి వెళ్లడం మర్యాద. రోడ్డు దాటాల్సిన చోట ఒక హోంగార్డును అడగండి.

లైట్లు కట్టుకోవడం

చాలామంది ఈ పనితోనే మొదలుపెడతారు. మీరు మాత్రం పైవన్నీ అయ్యాకే ఇక్కడికి రండి.

7. అలంకారానికి ముందు రక్షణ. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రెండూ నిలకడగా వెలగాలి. మడ్‌గార్డుకు, పెడల్స్‌కు, వీలైతే చొక్కా వెనక కూడా రేడియం స్టిక్కరు అంటించండి. మీ తళుకులన్నీ ఆరిపోయినా లారీ డ్రైవరుకు ఈ మూడూ కనిపించాలి. ఎర్ర లైటు మీద బెలూన్లు, తోరణాలు పడి మూసుకుపోవడం అందరూ చేసే తప్పు. బయల్దేరే ముందు ప్రతి సైకిల్‌నీ ఇరవై అడుగుల వెనక నుంచి ఒకరు చూసి సరే అనాలి.

8. ఇంటికి కట్టే సీరియల్ సెట్టును సైకిల్‌కు తేవద్దు. అది ఇంటి కరెంటు మీద వెలిగేది. బ్యాటరీకి ఏదో కలిపి వెలిగిద్దామని తెలివైన కుర్రాడొకడు బయల్దేరతాడు, ఆపండి. మీకు కావలసింది రెండు రకాలే: సెల్స్‌తో వెలిగే సన్న తీగ లైట్లు, లేదా యూఎస్‌బీతో వెలిగే అయిదు వోల్టుల తీగ. నర్సీపట్నంలోనో తునిలోనో ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ ఉండదు. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒక తీగను మీ గంట యాత్రకు కావలసిన దానికన్నా చాలా ఎక్కువసేపు వెలిగిస్తుంది. ఒక చిక్కుంది. కొన్ని పవర్ బ్యాంకులు, వాడకం మరీ తక్కువగా ఉంటే ఫోను నిండిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. ముందు రోజు ఇంట్లో గంటసేపు వెలిగించి చూడండి. ఆగిపోతుంటే రెండో తీగ కూడా కలపండి, లేదా సెల్స్ తీగకు మారిపోండి.

డైనమో సైకిలున్న పెద్దాయన “నాకెందుకురా ఇవన్నీ” అంటారు. నిజమే, ఆయన ముందు లైటుకు ఢోకా లేదు. అయితే డైనమో చక్రం ఆగితే ఆరిపోతుంది కాబట్టి వెనక ఒక సెల్ లైటు విడిగా పెట్టండి. తీగ లైట్లను మాత్రం డైనమోకు కలపకండి. వేగం పెరిగేకొద్దీ దాని వోల్టేజీ పెరుగుతుంది, మాడిపోతాయి.

9. తీగ కట్టే వరస ఇది. పవర్ బ్యాంకును పాలిథిన్ కవర్లో చుట్టి (మంచు తడి తగలకుండా) సీటు కింద గట్టిగా కట్టండి. అక్కడి నుంచి తీగను ఫ్రేము గొట్టాల చుట్టూ వత్తుగా చుట్టుకుంటూ ముందుకు రండి. జానెడుకొక కేబుల్ టై. హ్యాండిల్ దగ్గర తీగను కొంచెం వదులుగా ఉంచండి, లేకపోతే మలుపు తిప్పినప్పుడు తెగుతుంది. బ్రేకు తీగల్ని వేరుగా వదిలెయ్యండి. అన్నీ అయ్యాక సైకిల్‌ను స్టాండు వేసి పెడల్ తిప్పండి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి. ఎక్కడైనా కొస వేలాడుతోందా? చైనుకు తగులుతోందా? మళ్లీ కట్టండి.

చక్రాలకు కట్టాలన్న సరదా పిల్లలకు ఎక్కువ. తిరిగే చక్రంలో లైట్లు వెలుగుతుంటే ముచ్చటగానే ఉంటుంది. వెనక చక్రానికి సరే: సెల్స్ పెట్టెను ఇరుసు దగ్గర చువ్వలకు కదలకుండా బిగించి, తీగను చువ్వల మధ్య అల్లండి. ముందు చక్రానికి వద్దు. వదులైన తీగ ముందు చక్రంలో చిక్కుకుంటే చక్రం ఒక్కసారిగా పట్టేసి మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట.

10. మిణుకుమిణుకులు తగ్గించండి. టపటపా కొట్టుకునే లైట్లు మూర్ఛ ఉన్న కొందరికి ప్రమాదం, ఎదురొచ్చే బండికి చికాకు. నిలకడగా వెలిగేలా, లేదా నెమ్మదిగా మారేలా పెట్టండి. తొక్కేవాళ్ల కళ్ల ఎత్తులో, టోపీ అంచుకు, హ్యాండిల్ మధ్యలో కాంతివంతమైన లైట్లు పెడితే వాళ్లకే రోడ్డు కనిపించదు.

నక్షత్రాలు, గాలిపటాలు, గొబ్బెమ్మల బొమ్మలు క్యారేజీ మీద పెట్టాలనుకుంటే వెదురు బద్దలు, రంగు కాగితం చాలు. లోపల ఎల్ఈడీ మాత్రమే. కొవ్వొత్తి, నూనె దీపం, కాకరపువ్వొత్తి ఏవీ సైకిల్ మీదికి రావు. చున్నీలు, పంచెలు, చీర కొంగులు బిగించి కట్టించండి.

తొక్కేటప్పుడు

11. స్లో సైకిల్ రేసు గుర్తుందా? బడిలో ఆగస్టు పదిహేనుకు పెట్టేవారు. అందరికన్నా ఆఖరున వచ్చినవాడికే బహుమతి. మీ యాత్రకూ ఆ సూత్రమే పెట్టుకోండి. నెమ్మదిగా తొక్కేవాళ్లని వెనక పెట్టడం సహజంగా జరిగే పొరపాటు. వెనకబడ్డ పిల్ల అందుకోవాలని ఆయాసపడుతుంది, ముందువాళ్లు ఆగి చూస్తుంటారు, అది అందేసరికి వాళ్లు మళ్లీ కదులుతారు. దానికి మాత్రం ఊపిరి తీసుకునే తీరిక దొరకదు. అందుకని డైనమో పెద్దాయనను, చిన్న పిల్లల్ని ముందు వరసలో పెట్టండి. వాళ్ల వేగమే అందరి వేగం. గేర్ల సైకిల్ కుర్రాడికి చివర పని ఇవ్వండి: “నీ వెనక అక్క, టీచరుగారు తప్ప ఎవరూ ఉండకూడదు. ఎవరైనా ఆగితే నువ్వూ ఆగాలి.” బలమున్నవాడికి బాధ్యత ఇస్తే తోక జాగ్రత్తగా వస్తుంది.

12. పదిమందికో గుంపు, గుంపుకీ గుంపుకీ మధ్య ఒక ఆటో పట్టేంత ఖాళీ. ఎడమ పక్కనే, వీధుల్లో ఇద్దరేసి, ఇరుకు చోట ఒకరి వెనక ఒకరు. ముందు మనిషి “గుంట!” అని అరిస్తే ఆ మాట చివరిదాకా పాకాలి. 1992 సెప్టెంబరులో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ‘క్రిటికల్ మాస్’ సైకిల్ యాత్రలు తర్వాత ప్రపంచంలో వందల నగరాలకు పాకాయి. అక్కడ కొందరు కూడలిలో అడ్డంగా నిలబడి బళ్లను ఆపి గుంపును దాటిస్తారు. మీరు ఆ పని చెయ్యకండి. మన కూడలిలో వెనక అంబులెన్సు ఉండొచ్చు, పురుటి నొప్పులతో ఉన్న మనిషి ఆటోలో ఉండొచ్చు. ఆగి, హోంగార్డు చెయ్యి ఊపాక గుంపుగా దాటండి.

13. పంక్చరైతే అక్కడ కూర్చుని ప్యాచీ వెయ్యకండి. వెనక వచ్చే ఆటోలో సైకిల్, మనిషి ఇద్దరూ ఎక్కుతారు. పంపు, స్పానరు, ప్రథమ చికిత్స పెట్టె, మంచినీళ్లు అందులోనే ఉంటాయి. అవసరమైతే 108. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి ఎంత దూరమో, ఆటో డ్రైవరు ఫోను ఎవరి దగ్గరుందో బయల్దేరే ముందు అందరికీ చెప్పండి.

14. డీజే పెట్టెలు వద్దు. బెల్లులు చాలు. పాతిక బెల్లులు ఒక్కసారి మోగుతుంటే ఇళ్లలోంచి ముసలమ్మలు కూడా గుమ్మాల్లోకి వస్తారు. హారన్లు, సీసాలు, సెల్ఫీలు తొక్కుతుండగా వద్దని ముందే ఒప్పించండి. తాగి వచ్చినవాడిని, ఎంత దగ్గరి బావ అయినా సరే, సైకిలెక్కనివ్వకండి. “బావా, ఈ పూట నువ్వు టీ దగ్గర చూసుకో” అనండి, అవమానించకండి.

చేరాక

15. ముగింపు చోట వేడిగా ఏదైనా ఉండాలి. అనకాపల్లి బెల్లం చేతికందేంత దూరంలో ఉండగా పంచదార టీ ఎందుకు? బెల్లం, అల్లం, శొంఠి వేసి కాచండి. ఇళ్లలో అరిసెల పాకం వాసన వచ్చే రోజులవి, నాలుగిళ్ల వాళ్లు పళ్లెం తెస్తారు. షీల్డులకు డబ్బు పెట్టకండి. బహుమతి ఇవ్వాలనిపిస్తే మన జిల్లాలోనే ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్క బొంగరాలున్నాయి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందినవి. బాగా అలంకరించినవాడికి ఒకటి ఇవ్వండి, అందరికన్నా నెమ్మదిగా తొక్కి అందర్నీ కలిపి ఉంచిన మనిషికి ఇంకొకటి తప్పకుండా ఇవ్వండి.

16. అక్కడి నుంచి పిల్లల్ని ఒంటరిగా ఇంటికి పంపకండి. ఒకే వీధివాళ్లు కలిసి వెళ్లాలి, ఇంట్లో దిగాక ఒక ఫోను రావాలి. పేర్లు రాసిన అమ్మాయి పట్టీలో అన్ని పేర్లకూ టిక్కు పడేదాకా మీరు ఇంటికి పోవద్దు.

17. మర్నాడు ఉదయం మూడు పనులు. అరువు తెచ్చిన పవర్ బ్యాంకులు, పంపు ఎవరివి వాళ్లకు చేర్చండి. రోడ్డు మీద రాలిన కేబుల్ టైలు, కాగితాలు ఏరండి, ధాన్యం జరిపిన చోటికి వెళ్లి సరిగ్గా సర్దారో లేదో చూడండి. ఖర్చు ఎంతైందో, ఎవరెంత ఇచ్చారో కాగితం మీద రాసి గ్రూపులో పెట్టండి, పది రూపాయలైనా సరే.

పిలిచినా రానివాళ్ల పేర్లు కూడా ఒక పక్క రాసుకోండి. నిష్ఠూరమాడడానికి కాదు. ఎందుకు రాలేదో సంక్రాంతి అయ్యాక తీరిగ్గా అడగండి. సైకిల్ లేదని ఒకరంటారు, తొక్కడం రాదని ఒకరంటారు, ఆ రోజు నూర్పులున్నాయని ఒకరంటారు. తొక్కడం రానివాళ్లకు నేర్పించడానికి వేసవి సెలవులున్నాయి, హైస్కూలు గ్రౌండు ఉంది.